గడియ వేయని తలుపు

మీకు,

నమస్కారాలు. మీరక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమే అని రాయడం అలవాటు. అందరం అంటే నేనొక్కదాన్నే కాబట్టి, ఆ సంగతి కాస్త ఆగి రాస్తాను.

ఏం చదువుతున్నావని అడిగారు. పలచటి పుస్తకాలు. లావువి చేతుల్లో నిలవడం లేదు. దిండుకు ఆనించి, మణికట్టుతో పేజీ తిప్పుతున్నాను. లైబ్రరీలో నన్ను అరల దగ్గర నుంచి కౌంటరుకు మార్చారు. తేదీ ముద్ర కొట్టడానికి కూడా రెండు చేతులూ కావాలి. మా లైబ్రేరియన్ పెద్దాయన చూసి తల తిప్పుకుంటారు. అదే కష్టంగా ఉంది.

డాక్టరు కీళ్లవాతం అన్నారు. ముసలితనంలో వచ్చే అరుగుదల కాదట. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే కీళ్ల మీద పడుతోందట. మాత్రలు మొదలుపెట్టాను. గుణం కనబడడానికి నెలలు పడుతుందట. పొద్దున వేళ్లు కొయ్యబారి ఉంటాయి, మధ్యాహ్నానికి కాస్త నావి అవుతాయి. ఈ ఉత్తరం కూడా మధ్యాహ్నాల్లోనే, కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

రాత్రి తలుపు సరిగ్గా వేసుకుంటున్నావా అనీ అడిగారు. లేదు. పోయిన నెల వరండా చివర స్నానాలగదిలో గడియ వేసుకున్నాను, తీయలేకపోయాను. గట్టిగా అరవకూడదని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు కదా. పిలవడానికి సిగ్గేసి, తడి ఒంటితో చాలాసేపు కూర్చున్నాను. చివరికి నా ఏడుపు విని పక్కవాటా దర్జీ పిన్ని వచ్చి, కత్తెరతో గడియ పెకలించింది. బట్టలూ ఆవిడే తొడిగింది. "కొలతలు తీయకుండా తొడగడం నాకిదే మొదలు" అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ వెళ్లాక మళ్లీ ఏడ్చాను.

అప్పటినుంచి ఇంటి తలుపుకూ గడియ పెట్టడం లేదు.

"దొంగ వస్తే ఏం చేస్తావే?" అంది పిన్ని.

"సీసా మూత తీయించుకుంటాను."

"నీ మొహం! మీ ఆయనకు రాశావా?"

రాయలేదు. ఏడాదిగా ప్రతి ఉత్తరంలోనూ క్షేమమనే రాశాను. అంత దూరాన ఒంటరిగా పాటుపడుతున్నారు, పైన ఇదొకటా అనుకున్నాను.

అక్కడ కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, ఏమంటావని మీ ఆఖరి ప్రశ్న. ఎప్పుడూ "మీ ఇష్టం" అని రాసేదాన్ని. ఈసారి నా ఇష్టం రాస్తున్నాను. ఒప్పుకోకండి. వచ్చేయండి.

ఏ వేళకు వచ్చినా తలుపు తట్టక్కర్లేదు. తోస్తే చాలు.

ఇట్లు,
మీ ఇల్లాలు