కూర్చున్న మనిషికి ఆబ్సెంట్

జనవరి 1, 2025. బుధవారం

చర్చిలో రాత్రి ఆరాధన ముగించుకుని వచ్చి పడుకుని లేచేసరికి పదకొండు. ఏసయ్య పాస్టరుగారు ఈసారి మెత్తగా చెప్పలేదు. రోజుకొక పూటయినా ఇంటిల్లిపాదీ కలిసి ప్రార్థన చేయని ఇల్లు లాడ్జితో సమానం, తిని పడుకోవడానికే అన్నారు. నన్నే చూసి అన్నట్టనిపించింది. ప్రతి జనవరిలో మొదలుపెడతాం. ఫిబ్రవరికి ఎవరికీ గుర్తుండదు.

ఈ ఏడు మానేది లేదు. బడిలో వాడకుండా మిగిలిన హాజరుపట్టీ ఒకటి తెచ్చుకున్నాను. సాయంత్రం ఏడున్నరకు అలారం. ఒక పాట, ఒక అధ్యాయం, వరుసగా తలా ఒక కంఠత వచనం, ప్రార్థన. ముందు నేను, తర్వాత భాస్కర్, తర్వాత షారోను. కూర్చుంటే P, లేకపోతే A. ఎర్ర పెన్ను.

భాస్కర్ పట్టీ చూసి నవ్వాడు. నేను ప్రెజెంట్ మేడం అనల్లా, ఆమెన్ అనల్లా టీచరమ్మా అని అడిగాడు.

జనవరి 9

భాస్కర్‌ది రోజూ ఒకటే వచనం. యేసు ఏడ్చాడని చెప్పే ఆ బుల్లి వచనం. సండే స్కూల్లో ఏమీ చదవకుండా వచ్చిన పిల్లలు గబుక్కున చెప్పి కూర్చునేది. షారోనుకు తొమ్మిదేళ్లు, కీర్తన మొత్తం అప్పజెప్తుంది. ఈయన బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లు.

ఇంత చిన్నదెందుకు చెప్తావు అని అడిగాను. నేను రాతి మీద అచ్చరాలు చెక్కేటోన్ని, నాకు పొట్టి మాటే మేలు అన్నాడు. పొద్దున ఆరింటి బస్సుకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోతాడు, అక్కడ శిల్పాల షెడ్డులో పని. ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. చెవుల్లో కూడా రాతిపొడి. అలిసిపోతాడు, ఒప్పుకుంటాను. అయినా.

ఫిబ్రవరి 14

నలభై అయిదు రోజులు. ఒక్క A లేదు. గర్వం పాపమని తెలుసు. అయినా గర్వంగానే ఉంది.

ఏప్రిల్ 3

అధ్యాయం చదువుతుంటే కునికాడు. గురక కూడా. P వేశాను. నేనంత చెడ్డదాన్నేమీ కాదు.

జూన్ 16. సోమవారం

నిన్న మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. ఇరవై మంది. వరుసగా వచనాలు చెప్తున్నారు. ఆయన వంతు వచ్చింది. అదే. యూత్ పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. టీచరునై ఉండి ఇంట్లో మనిషికి ఒక్క వచనం నేర్పలేకపోయానా.

ఈ సాయంత్రం పట్టీ కింద రూలు రాశాను. రేపటి నుంచి ఆ చిన్న వచనం చెప్పినవాళ్లకు, కూర్చున్నా సరే, A.

జూన్ 17

చెప్పాడు. అదే చెప్పాడు. A వేశాను. పట్టీలో మొదటిది.

ఈడ నీ పక్కన కూసోనుంటే లేడని రాస్తాండావేందీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకుంటాను. నేను తల ఎత్తలేదు.

జూలై 2

పద్నాలుగు రోజులుగా పెన్ను పట్టలేదు.

జూన్ 18. పదకొండున్నర. చెక్కుతున్న రాయి మీదే తల వాల్చాడట. కునుకు తీస్తున్నాడనుకుని పక్కన పనిచేసే ప్రభాకర్ ఫ్యాను ఆయన వైపు తిప్పి పెట్టాడట. అరగంట ఎవరూ లేపలేదు. గుండె అన్నారు. నలభై మూడేళ్లు.

ఆ రాయి మీద సగం పేరే ఉందట. ఎవరిదో ఇంటి పేరు.

జూలై 20

పాస్టరుగారు వచ్చారు. ఇప్పుడే గదమ్మా ప్రార్థన మానకూడనిది అన్నారు. సరే అన్నాను.

ఏడున్నరకు కూర్చున్నాం. పాట అయింది. అధ్యాయం అయింది. నా వచనం నేను చెప్పాను. తర్వాత ఆయన వంతు. ఇద్దరం అక్కడే ఆగిపోయాం. పిల్ల నా మొహం చూస్తోంది. అన్నం మాడుతోందని లేచి వంటింట్లోకి పోయాను. స్టవ్ వెలిగించనేలేదు.

ఆగస్టు 5

పట్టీ బీరువాలో బట్టల కింద పెట్టాను. ఏడున్నర అలారం మాత్రం రోజూ మోగుతుంది. తీసేయబుద్ధి కాదు.

ఆగస్టు 23

షారోను పట్టీ చూసింది. యూనిఫాం వెతుకుతుంటే దొరికిందట. ఆ రోజు నాన్న ఉన్నాడు కదమ్మా, A ఎందుకుంది అని అడిగింది. పొరపాటున పడిందన్నాను. పిల్లతో అబద్ధం.

అది బడికి పోయాక బ్లేడుతో గీకాను. కాగితం పొర లేచింది, ఎరుపు పోలేదు. నూట అరవై ఏడు P లు, చివర ఒక A. దేవుడి ముందు కూర్చున్న మనిషిని లేడని రాసిన చెయ్యి ఇది. ఈ చేతులు జోడించి ఏమని అడగను? నాకు ప్రార్థనంటే భయంగా ఉంది.

సెప్టెంబరు 11

స్టాఫ్ రూములో భార్గవి మేడం ఫోన్‌లో యాప్ చూపించింది. ధ్యానానికట. రోజూ చేస్తే స్ట్రీకని వరుస రోజుల లెక్క పెరుగుతుంది, ఒక్కరోజు మానితే సున్నా అవుతుంది, మీరూ పెట్టుకోండి మేడం, మనసు కుదుటపడుతుంది అంది. మంచికే చెప్పింది. బాత్రూములోకి పోయి ఏడ్చి వచ్చాను.

అక్టోబరు 12. ఆదివారం. ఆళ్లగడ్డ

అత్త దగ్గరికి వచ్చాం. మహానందమ్మ అత్త మా చర్చి గడప ఎప్పుడూ తొక్కలేదు. గోడ నిండా ఆమె దేవుళ్లే. ఏడున్నరకు నా ఫోన్‌లో అలారం మోగింది. అత్త టీవీ కట్టేసి, మీ ప్రార్థన టైం గదా అమ్మీ, కానియ్యి అంది.

మానేశామని చెప్పాను. ఎందుకంది. అంతా చెప్పేశాను. ఆ వచనం, ఆ రూలు, ఆ A. నా కొడుకును అంత మాటంటావా అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ మాట ఎందుకు పట్టుకున్యాడో వాడు నీకు చెప్పలేదా అంది.

మామ పోయినప్పుడు భాస్కర్‌కు పదకొండేళ్లట. కర్మ చేసే మగపిల్లోడు ఏడవకూడదని పెద్దోళ్లు అదిలించారట. నోరు మూసుకున్నాడట. ఆ తర్వాత వాడు ఏడ్సంగా నేనెప్పుడూ చూల్యా అంది. బాప్తిస్మం తీసుకున్న రోజు అత్త అలిగి కూర్చుంటే వచ్చి చెప్పాడట. సచ్చిపోయిన సావాసగాని కాడికి పొయ్యి ఆ యేసు అందరి ముందర ఏడ్సినాడంటమ్మా, ఎవురూ అదిలించలేదంట, నాకా దేవుడు సాలు అని.

పద్నాలుగేళ్ల కాపురం. ఎన్ని వచనాలు నేర్పాలని చూశాను. ఇంత చిన్నదెందుకు అని అడిగాను గానీ, ఇదే ఎందుకు అని ఒక్కసారి అడగలేదు.

అత్త ముందే ఏడ్చాను, గొంతెత్తి. ఆమె అదిలించలేదు. కాసేపటికి ఆమె కూడా.

అక్టోబరు 14

నంద్యాల వచ్చేశాం. అత్తను రమ్మన్నాను. బర్రెను ఎవురు సూస్తారు అంది. బస్సెక్కిస్తూ, ఏడున్నరకు ఫోన్ చెయ్యి, వాని వంతు నేను చెప్తా అంది.

అక్టోబరు 15. ఏడు నలభై అయిదు

ఫోన్ స్పీకరులో అత్త. పాట పాడలేకపోయాం. నా వంతుకు పెద్ద కీర్తన మొదలుపెట్టాను, రాలేదు. ఆయన మాటే వచ్చింది. ఆయన వంతుకు అత్త అదే చెప్పింది. షారోను కూడా అదే.

బీరువాలోంచి పట్టీ తీశాను. రూలు ప్రకారం ముగ్గురికీ A, ఆయన A పక్కనే.

వేశాను.