తెర మీద మా వంటింటి గోడ

శుక్రవారం, రాత్రి

రేపల్లె సభల్లో ఈ రోజు మా వంటింటిని తెర మీద చూశాను. తెనాలి నుంచి వచ్చిన ప్రసంగీకుడు బైబిల్లో ప్రకటన గ్రంథం విప్పి చెబుతూ, "అంత్యదినాల గుర్తు ఇదిగో, మీ పక్క ఊళ్ళోనే" అన్నాడు. తెర నిండా మా కూలిన గోడ, బురదలో నా పప్పు డబ్బా. పందిట్లో అందరూ "స్తోత్రం" అన్నారు. పక్కన కూర్చున్న మా తోడికోడలు కూడా అంది. అనేశాక నా వైపు తిరిగి, "అక్కా, అది మీ వంటిల్లు కదా!" అంది.

తుఫాను మర్నాడు మా పాస్టరుగారు ప్రార్థన చేయడానికి వచ్చి తీసిన ఫొటో అది. ఏదైనా సాయం చేయిస్తారేమోనని, గోడ బాగా కనపడాలని నేనే పక్కకు జరిగాను.

సభ అయ్యాక మా పాస్టరుగారినే అడిగాను. "అయ్యగారూ, అది గుర్తేంటండి? మట్టి గోడ కదా, నానితే పడింది."

"అలా అనకూడదమ్మా. లేఖనం నెరవేరుతోంది. అన్నట్టు, వచ్చే వారం వీడియో తీసేవాళ్ళొస్తారు. బాపట్ల సభల్లో చూపించాలి. అప్పటిదాకా ఆ గోడ కట్టించకండి."

"అలాగేనండి" అన్నాను. ఎందుకన్నానో...

ఇంటికొచ్చి చెబితే మా ఆయన వెళ్ళి గోడకని తెచ్చిన సిమెంటు బస్తాల మీద పట్టా సర్దాడు. మళ్ళీ మబ్బు పట్టింది.

లోకం ఏ క్షణానైనా ముగిసిపోతుందట. నా గోడ మాత్రం వీడియో తీసేదాకా ఆగాలట.