వెల్దుర్తి చెల్లెలి సంతకం

మంగళవారం, నరసరావుపేట

వకీలుగారు ఫీజు మొత్తం ముందే తీసుకున్నారు. ఆ తరవాత మేం కొనే ఇంటి రిజిస్ట్రేషన్ గురించి ఎప్పుడడిగినా వచ్చే వారం అంటూనే ఉన్నారు. ఈరోజు గట్టిగా అడిగితే, ఇల్లు అమ్మే ఆయనకు వెల్దుర్తిలో ఒక చెల్లెలుందని, ఆమె సంతకం కూడా కావాలని చెప్పారు. బస్సెక్కి నేనే వెళ్లాను.

ఆవిడ మిరప చేలో కలుపు తీస్తోంది. నేనెందుకు వచ్చానో చెప్పగానే మొహం మారిపోయింది.

"ఇల్లు అమ్ముతున్నాడా? నాకెవురూ చెప్పలేదమ్మా. మా అమ్మ పోతా పోతా సగం నాదని చెప్పింది. నేను సంతకం పెట్టను, కోర్టుకెళ్తా. నువ్వేమీ అనుకోమాక."

ఏమనుకుంటాను? నేనైనా అదే అంటాను.

తిరిగొచ్చి చెబితే వకీలుగారు తల కూడా ఎత్తలేదు. "నాకు తెలుసమ్మా. నచ్చజెప్పొచ్చులే అనుకున్నా. కేసు పడితే ఏళ్లు పడుద్ది. దానికి ఫీజు వేరే."

అన్నీ తెలిసే మా చేత ఇంటికి అడ్వాన్స్ ఇప్పించారు.

దాచేపల్లి క్వారీలో కాలు పోయినప్పటి నుంచి మా ఆయన ఈ అద్దింటి మేడమెట్లు కూర్చుని కూర్చుని దిగుతున్నారు. మెట్లు లేవనే ఆ ఇల్లు ఎంచుకున్నాం. నేను వచ్చేసరికి ఆయన మేస్త్రీతో ఫోన్ మాట్లాడి పెట్టేస్తున్నారు. నన్ను చూసి నవ్వారు.

"కొత్తింట్లో బాత్రూం గోడకి కడ్డీ పెట్టిద్దామే. పట్టుకుని లేస్తా. ఆదివారం చూసిపోతానన్నాడు."

సరే అన్నాను. అన్నం పెట్టాను. ఇంకా చెప్పలేదు.