మూడో చరణం ముందు మౌనం

చెల్లీ,

మన పాత సంగీత నాటకాన్ని మళ్ళీ వేస్తూ నీ వేషం ఆ పాప్ గాయనికిచ్చారుగా, మొదటి ప్రదర్శనలోనే కసి తీర్చుకోబోయాను. మూడో చరణం మరిచిపోయి ఆవిడ నావైపు చూసింది. తెర పక్కన ప్రాంప్టింగ్ చెప్పేది నేనే కదా, కావాలనే నోరు మూసుకున్నాను.

తీరా చూస్తే హాలంతా కళ్ళు తుడుచుకుంది! "నటనంతా ఆ మౌనంలోనే ఉంది" అని పత్రికలో విమర్శకుడు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడావిడ రోజూ అక్కడ కావాలనే ఆగుతోంది.

శనివారం విమర్శకులందరూ వస్తున్నారు. నీకు ముందు వరుస టికెట్ పంపుతున్నాను, తప్పకుండా రా. ఆవిడ ఆగగానే ఆ చరణం అందిస్తాను, ఆఖరి వరుసక్కూడా వినబడేలా. "వినబడిందా అమ్మా, మళ్ళీ చెప్పనా?" అని కూడా అడుగుతాను.

ఎవరేమంటారే? నా పనే అది.

నీ అక్క