ఉండలు కట్టిన గ్రేవీ

అక్కా,

ఈసారి థాంక్స్‌గివింగ్ ఎలా గడుస్తుందోనని బెంగపడ్డావుగా, అందుకే వెంటనే రాస్తున్నాను. మా మరిది డ్వైట్ వచ్చాడు. అత్తయ్య పోయినప్పటి నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు కదా. మా ఆయన వారెన్ వంటింట్లో టర్కీ కోస్తుంటే, అతను ముందుగదిలో కిటికీ దగ్గర మంచు చూస్తూ కూర్చున్నాడు.

ఇంతలో టర్కీ మీద పోసుకునే నా గ్రేవీ ఉండలు కట్టింది. టర్కీ కొవ్వులో పిండి వేయించి, మాంసం ఉడికిన రసం ఒక్కసారిగా గుమ్మరించేశాను. వడకట్టాలంటే టర్కీ కాల్చిన ఆ బరువైన లోతు పళ్లెం ఒకరు ఎత్తాలి, జల్లెడ ఇంకొకరు పట్టాలి. సాయం రమ్మని ఇద్దరినీ కేకేశాను.

"మెల్లగా పొయ్యన్నయ్యా, చెయ్యి కాలుతోంది."

"నువ్వు కదలకుండా పట్టుకోరా. గరిటెతో నొక్కు, అమ్మ అలాగే నొక్కేది."

డ్వైట్ గరిటెతో ఒక ఉండని నొక్కాడు. నొక్కుతూనే అన్నాడు, "అమ్మకీ ఉండలు కట్టేవన్నమాట. మనకి తెలీకుండా వడకట్టేసేది."

వారెన్ నవ్వాడు. పళ్లెం ఒలికిపోతుందేమోనని నాకు భయమేసింది.

గ్రేవీ పట్టులా వచ్చింది. భోజనాలయ్యాక డ్వైట్ కొత్త ట్రక్కు చూడటానికి ఇద్దరూ బయటికెళ్లారు. తియ్యటి గుమ్మడికాయ 'పై' ముక్కలు కోసిపెట్టి చాలాసేపయింది. ఇంకా చలిలోనే నిలబడి మాట్లాడుకుంటున్నారు. పిలవబుద్ధి కావడం లేదు.

నీ చెల్లెలు