ఉన్ని జిడ్డు అంటిన రికార్డు

క్లెమ్,

గొర్రె మాంసం ఓవెన్‌లో ఉంది. తినేముందు ఒక పని చెయ్యి. మోచేతుల దాకా వేడినీళ్లతో, సబ్బుతో రెండుసార్లు కడుక్కో. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, గుండె లయ నమోదు చేయమని నర్సు రోవెనా ఇచ్చిన రేకు మీద రెండు బొటనవేళ్లూ ఆనించు. పచ్చ లైటు ఆరేదాకా కుక్కతో కూడా మాట్లాడకు.

"మెషీన్‌కి ఏమీ దొరకలేదు, నా గుండె భేషుగ్గా ఉంది" అని ఉన్ని కత్తిరించే షెడ్డంతా చాటావు. రోవెనా ఇవాళ ఫోన్ చేసింది. గుండె లయ తప్పుతోందో లేదో చూసే ఆ కృత్రిమ మేధ నీ రికార్డును చదవనే లేకపోయిందట. గొర్రెల ఉన్ని కత్తిరించిన జిడ్డు చేతులతోనే రేకు పట్టుకున్నావు కదా, దానికి అందినవి గజిబిజి గీతలే. లయ తప్పుతున్న మాట నిజమైతే, పక్షవాతం రాకుండా మాత్రలున్నాయి. ముందు సంగతి తేలాలి. మాత్రలు వేసుకున్నా కత్తెర పని మానెయ్యక్కర్లేదట, నేనే అడిగాను.

మా అక్క దగ్గరికి టామ్‌వర్త్ వెళ్తున్నాను. రేపు వస్తాను.

మరిచాను. "పోతే షెడ్డులోనే పోతా, ఉన్ని సంచీలో కుట్టి ఇంటికి పంపెయ్యండి" అన్నావట. అందరూ నవ్వారట. ఆ సంచీ విప్పాల్సినదాన్ని నేను, క్లెమ్.

— ఐరిస్