బురద తగలని టైర్లు

ఆగస్టు 9, 2006. ముసురు.

మా తమ్ముడి కొడుకు శీను నాలుగేళ్ల కిందట తన పికప్ వ్యానుకు బురదలోనూ నడిచే లావుపాటి టైర్లు వేయించాడు. ఒక్కనాడూ మా కొబ్బరితోటలోకి దింపలేదు.

"బురదైపోతాయండి పెదనాన్నగారూ!"

"మరెందుకు కొన్నావురా?"

"చూపుకి బాగున్నాయండి, ఆయ్."

నా కొబ్బరికాయలు కూలీలు రోడ్డు దాకా మోసేవారు. టైర్లు తారురోడ్డు మీదే అరిగి బోడిగుండులా తయారయ్యాయి.

ఈరోజు కూలీలు రాలేదు. లారీకి కాయలు అందకపోతే బేరం పోతుందని బతిమాలితే మొదటిసారి దింపాడు. కాయలతో సహా గట్టు మీంచి జారి కూరుకుపోయాడు. లారీ వెళ్ళిపోయింది.

"కొత్తవి వేయిస్తానండి. వాటిని మాత్రం చచ్చినా బురదలో దింపను!"

కొత్త గొడుగు తడుస్తుందని చంకలో పెట్టుకుని వానలో నడిచినవాడి కొడుకు! రేపు మళ్ళీ వీణ్ణే బతిమాలాలి.